యంత్రాల ఉమ్మడి గాదె

మా నిలయంలో ధ్వనిముద్రణలన్నీ ఒకప్పుడు టేపులపై ఉండేవి. ఇనుప బీరువాలలో అట్టపెట్టెలు వరుసగా పేర్చి ఉండేవి. ఒక్కొక్క పెట్టెపై గాయకుని పేరు, రాగం, తేదీ చేతివ్రాతతో రాసి ఉండేవి. ఎవరికి ఏ టేపు కావలసినా టేపు లైబ్రరీ గుమాస్తా వద్ద సంతకం పెట్టి తీసుకొనిపోయేవారు. ఒకరి చేతిలో ఉన్నంతసేపు ఆ టేపు మరొకరికి దొరికేది కాదు. అది మాకు ఇబ్బందిగానే ఉండేది. అందులో ఒక భద్రత కూడా ఉన్నదని చాలకాలానికి గాని తెలియలేదు.

తరువాత టేపులు పోయి డిస్కులు వచ్చినవి. రికార్డింగు గదిలో ఒక కంప్యూటర్, కూర్పు గదిలో ఒకటి, ప్రసారపు గదిలో ఒకటి. మూడింటికీ కలిపి ఒకే నిల్వ. ఒక గదిలో పాడిన పాట మరుక్షణం మూడో గదిలో దొరికేది. కొన్ని ఏండ్లకు ఆ నిల్వ పాతబడినది. చోటు కూడా చాలలేదు. దానిని తీసి క్రొత్తది పెట్టవలసి వచ్చినది. ఒక ఆదివారం రాత్రి ప్రసారాలు ముగిసిన తరువాత ఆ పని జరిగినది. సోమవారం అంతా సవ్యంగానే కనిపించినది. ఆ సాయంకాలం ఎనభై ఏండ్లు దాటిన ఒక బుర్రకథకుడు మనుమని చేయి పట్టుకొని దూరపు పల్లెనుండి వచ్చి, మాతో గంటన్నరసేపు ముచ్చటించి, రెండు ఘట్టాలు పాడి వెళ్లినాడు.

మంగళవారం ఉదయం ప్రసారపు గదినుండి అడిగినారు: "నిన్నటి బుర్రకథ ఎక్కడ పెట్టినారండీ? ఇక్కడ జాబితాలో లేదు." రికార్డింగు గదిలో చూస్తే ఉన్నది. ప్రసారపు గదిలో చూస్తే లేదు. అందరికీ తోచే చికిత్స ఒకటున్నది గదా! "యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి" అన్నాము. ఆపి పెట్టినారు. అంతే, రికార్డింగు గదిలో కూడా బుర్రకథ మాయమైనది. ఇది జరిగిన పూటనే పాత నిల్వపెట్టెను తీసుకొనిపోయి, చెరిపి, తుక్కుకింద అమ్మడానికి మనుషులు రావలసి ఉన్నది.

ఈ ప్రసంగానికి ఆ సంఘటనే కారణం. ఆ టేపు (అలవాటుచొప్పున మేము ఇంకా టేపు అనే అంటాము) ఏమైనదో చివర చెబుతాము. అంతకు ముందు, పలు యంత్రాలు ఒకే నిల్వను పంచుకోవడం ఎట్లా మొదలైనదో, దానిని మార్చడం ఎందుకింత చిక్కైనదో, ఆ చిక్కు విప్పడానికి గత డెబ్బది ఏండ్లలో ఎవరెవరు ఏయే ఉపాయాలు పన్నినారో కొంత తెలుసుకొందాము.

ముందుగా నాలుగు మాటలకు అర్థం చెప్పుకోవలెను. ఇతర యంత్రాలు అడిగినది అందించే కంప్యూటర్‌ను సర్వర్ అంటారు. రైలు టిక్కెట్లు, బ్యాంకు ఖాతాలు, ఆసుపత్రి కాగితాలు ఈనాడు సర్వర్ల అధీనంలోనే ఉన్నవి. ఒక్క సర్వర్ ఆగితే పనంతా ఆగిపోకుండా కొన్నింటిని చేర్చి గుంపుగా కట్టుతారు. ఆ గుంపు పేరు క్లస్టర్. అందులోని ఒక్కొక్క యంత్రం ఒక నోడ్. ఇటువంటి గుంపులలో పెక్కింటిని నడిపే మూలవ్యవస్థ లైనక్స్. గుంపులోని నోడ్లన్నిటికీ అందుబాటులో ఉండే నిల్వభాగాన్ని ఉమ్మడి వాల్యూం అంటారు. అది ఒకే డిస్కు కావచ్చును. పది డిస్కులు కలిసి ఒకటిగా కనిపించేది కావచ్చును.

మన ఉమ్మడి కుటుంబాలలోని గాదెను తలచుకొంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. నలుగురన్నదమ్ములు, ఒక గాదె. అందరూ ధాన్యం పోస్తారు, అందరూ తీస్తారు. గాదె పాతబడితే క్రొత్తది కట్టి ధాన్యం మార్పిస్తారు. ధాన్యం మోయడం కూలీల పని. ఒక పూటలో అయిపోతుంది. నలుగురిలో ఏ ఒక్కడూ అలవాటు చొప్పున పాత గాదె తలుపు తీయకుండా చూడడం ఇంటిపెద్ద పని. యంత్రాల చరిత్రలో కష్టమంతా ఈ రెండో పనిలోనే ఉన్నది.

ఆ చరిత్ర 1956లో ఆరంభమవుతుంది. ఆ సంవత్సరం సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ రామాక్ అనే యంత్రాన్ని ప్రకటించినది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే పట్టణంలో రేనాల్డ్ జాన్సన్ నాయకత్వాన పనిచేసిన బృందం దాని డిస్కు నిల్వను నిర్మించినది. 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లాలు ఒకే ఇరుసుపై గిరగిర తిరిగేవి. బరువు ఒక టన్నుకు పైమాట. ఇంత చేసి అందులో పట్టేవి 50 లక్షల అక్షరాలు మాత్రమే; ఈనాటి లెక్కలో ఒక పాటకు చాలినంత చోటు. అయినా అది గొప్ప మార్పు. అంతవరకు చిల్లులు పొడిచిన అట్టలను, టేపులను మొదటినుండి చివరివరకు త్రిప్పి వెదకవలసి ఉండేది. డిస్కుపై కావలసిన చోటికి తిన్నగా పోవచ్చును.

1962లో ఆ సంస్థయే మరొక సౌకర్యం కల్పించినది. డిస్కుల కట్టను యంత్రంనుండి పైకి ఎత్తి తీసి, మరొక కట్టను దింపవచ్చును. కట్ట బరువు సుమారు నాలుగున్నర కిలోలు. నిల్వను మార్చడమంటే ఆనాడు ఇంత తేలిక: మూత తీయి, కట్ట ఎత్తు, మరొకటి పెట్టు. యంత్రం ఒకటి, నిల్వ ఒకటి. ఒంటరివాని గాదెకు తగవు ఎక్కడిది? అయితే కట్ట మారుస్తున్నంతసేపు ఆ నిల్వపై పని నిలిచిపోవలసినదే.

బ్యాంకుల వంటి చోట్ల ఆ నిలుపుదల కుదరదు. 1974లో స్థాపితమైన టాండెం కంప్యూటర్స్ అనే సంస్థ 1976లో ఆగని యంత్రం అనే పేరుతో ఒక వ్యవస్థను విక్రయింప నారంభించినది. అందులో ముఖ్యమైన ప్రతి భాగానికీ జంట ఉన్నది. డిస్కు కూడా జంటయే. ఒకదానిపై రాసినది అద్దంలో వలె రెండోదానిపైనా పడుతుంది. ఒకటి చెడితే రెండోది పని సాగిస్తుంది. చెడినదాన్ని ఊడదీసి క్రొత్తది తగిలిస్తే, మిగిలిన డిస్కునుండి దానిలోకి సర్వమూ నకలు దిగుతుంది. ఆ నకలు జరుగుతుండగా కూడా పని ఆగదు. ఒకటిని తీయదలచితే ముందు రెండు ఉండవలెనన్న సూత్రం ఆచరణలో ఇట్లా నిలబడినది.

ఇంతవరకు గాదె సంగతి. అన్నదమ్ముల సంగతి 1983లో వచ్చినది. ఆ సంవత్సరం డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాక్స్ క్లస్టర్‌ను వెలువరించినది. తొలి రూపంలో పదునారు యంత్రాలవరకు ఒక నక్షత్రాకారపు కూడలికి తీగలతో కలిపి, అన్నీ ఒకే డిస్కులను వాడుకొనేటట్లు చేసినారు. అప్పుడు ఎదురైన ప్రశ్న చాల సామాన్యంగా కనిపిస్తుంది: ఇద్దరు ఒకేసారి ఒకే చోట రాస్తే ఏమి కావలెను?

దీనికి మనకు తెలిసిన ఉదాహరణ రైలు బెర్తు. విజయవాడ కిటికీలో ఒకరు, వరంగల్లు కిటికీలో ఒకరు అదే బండిలో అదే బెర్తు అడుగుతారు. ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో పట్టీ చూస్తారు, ఇద్దరికీ ఖాళీగానే కనిపిస్తుంది, ఇద్దరూ అమ్ముతారు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ తప్పు రాయలేదు. అయినా రాత్రి పెట్టెలో తగవు తప్పదు. ఇది జరగకూడదంటే పట్టీని చూడడం, అందులో రాయడం ఈ రెండూ ఒకే తాళం కింద ఉండవలెను. మన రైల్వేల రిజర్వేషన్ వ్యవస్థ ఈ డిజిటల్ సంస్థవారి యంత్రాలపైనే పెరిగినది. రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం రూపొందించిన కాన్సర్ట్ అనే క్రొత్త ఏర్పాటు 1994లో మొట్టమొదట సికింద్రాబాదులో నెలకొన్నది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ ఒక వలలో కలిసినవి. ఐదు కేంద్రాలకు ఐదు నిల్వలున్నా, ఏ కిటికీనుండి అడిగినా ఒక బెర్తు ఒకరికే అన్న నియమం తప్పకుండా నడవవలసి వచ్చినది.

వాక్స్ క్లస్టర్ నిర్మాతలు దీనికి చేసిన ఏర్పాటు తాళాల పంపిణీ. ఏ యంత్రమైనా ఒక ఫైలును తాకే ముందు తాళం అడగవలెను. తాళాలు ఆరు విధాలు: ఊరకే ఆసక్తి తెలిపేది మొదలు, ఇతరులతోపాటు చదివేది, ఇతరులతోపాటు రాసేది, ఇతరులు రాయకుండా చదివేది, ఇతరులు రాయకుండా రాసేది, ఎవరినీ దగ్గరకు రానీయనిది వరకు. తాళాల లెక్క ఏ ఒక్క యంత్రం దగ్గరా మొత్తంగా ఉండదు. గుంపంతటా పంచి ఉంటుంది. కనుక ఒక యంత్రం పడిపోయినా లెక్క పోదు. మా పాత టేపు లైబ్రరీలో గుమాస్తా పెట్టించిన సంతకం కూడా ఒక తాళమేనని ఇది చదివిన తరువాత మాకు తెలిసినది.

మరొక చిక్కు మిగిలినది. తీగ తెగి గుంపు రెండుగా విడిపోతే? ఇటువైపువారికి అటువైపువారు చచ్చినట్లు కనిపిస్తారు, అటువైపువారికి ఇటువైపువారు. రెండు వైపులవారూ తామే మిగిలినామనుకొని గాదెలో చేయి పెడితే ధాన్యం నాశనం. దీనికి విరుగుడు సభలలో మనకు పరిచితమైన కోరం. ప్రతి యంత్రానికీ ఒక ఓటు. సగానికి మించి ఓట్లున్న వైపే పని సాగించవలెను. రెండో వైపు చేతులు ముడుచుకొని కూర్చుండవలెను. మూడు యంత్రాలలో రెండు కలిసి ఉంటే కోరం ఉన్నది. రెండే యంత్రాలుంటే ఎవరికీ ఆధిక్యం రాదు గనుక, ఒక డిస్కునే సాక్షిగా నిలిపి దానికి ఒక ఓటు ఇచ్చినారు. ఈ ఒప్పుదల శాస్త్రాన్ని గణితపరంగా నిరూపించినవారిలో లెస్లీ లాంపోర్ట్ ప్రముఖుడు. పాక్సోస్ అనే గ్రీకు ద్వీపంలో, సభకు వస్తూ పోతూ ఉండే శాసనసభ్యులు చట్టాలను ఎట్లా ఏకాభిప్రాయంతో రాసుకొన్నారో కల్పించి చెబుతూ ఆయన రాసిన వ్యాసం 1998లో వెలువడినది.

డిస్కుల వైపు కూడా పని ఆగలేదు. 1987, 1988 సంవత్సరాలలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనే మువ్వురు, ఖరీదైన పెద్ద డిస్కు ఒకదానికి బదులు చౌక డిస్కులు పెక్కింటిని వాడే రెయిడ్ పద్ధతిని వివరించినారు. అందులో ఒక ఉపాయాన్ని చిన్న లెక్కతో చెప్పవచ్చును. 3, 5, 8, 4 అనే అంకెలను నాలుగు డిస్కులపై రాసి, వాటి మొత్తం 20ని అయిదో డిస్కుపై రాస్తాము. 8 ఉన్న డిస్కు చెడినది. మిగిలిన మూడింటి మొత్తం 12. ఇరవైనుండి తీసివేస్తే 8 తిరిగి వస్తుంది. వాస్తవంలో వాడే లెక్క వేరైనా సూత్రమిదే. అయితే ఈ ఉపాయం ఒక పెట్టెలోని ఒక డిస్కును మార్చడానికే పనికివస్తుంది. పెట్టెనే మార్చవలసి వచ్చినప్పుడు, ఆ పెట్టెను నమ్ముకొన్న యంత్రాలన్నిటికీ నచ్చజెప్పడం రెయిడ్ వల్ల కాదు.

1991 ఆగస్టు 25న ఫిన్లండులో హెల్సింకీ విశ్వవిద్యాలయపు విద్యార్థి, ఇరువది ఒక్క ఏండ్ల లీనస్ తోర్వాల్డ్స్, తాను వినోదార్థం ఒక మూలవ్యవస్థను రాస్తున్నానని ప్రకటించినాడు. అదే లైనక్స్. మూలప్రతి అందరికీ తెరచి ఉంచినందున లోకమంతా దానిపై చేయి వేసినది. 1994లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డోనాల్డ్ బెకర్ అనేవారు అంగడిలో దొరికే సామాన్య భాగాలతో 16 ప్రాసెసర్ల గుంపు కట్టి, దానిని లైనక్సుతో నడిపినారు. అప్పటివరకు ధనిక సంస్థలకే సాధ్యమైన గుంపు కళాశాలలకు, చిన్న కార్యాలయాలకు కూడా అందినది.

కాని వీటికి ఉమ్మడి గాదె లేదు. సన్ సంస్థ 1980ల నడుమ తెచ్చిన నెట్‌వర్క్ ఫైలు పద్ధతి ఉన్నది. అందులో గాదె తాళంచెవి ఒక్క సర్వర్ చేతిలో ఉంటుంది, మిగిలినవారు దానినే అడగవలెను. ఆ ఒక్కటీ పడితే ఇల్లంతా పస్తు. అందరూ నేరుగా డిస్కును తాకే పద్ధతిని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మాథ్యూ ఓకీఫ్ బృందం 1990ల నడుమనుండి నిర్మిస్తున్నది. దాని పేరు జి.ఎఫ్.ఎస్. మొదట సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ యంత్రాలకోసం తలపెట్టిన ఆ పనిని 1998లో లైనక్సుకు మార్చినారు.

మామూలు ఫైలు వ్యవస్థను రెండు యంత్రాలు ఒకేసారి ఎందుకు వాడరాదో ఇక్కడ చెప్పవలెను. యంత్రం ప్రతిసారీ డిస్కును అడగదు. వేగం కొరకు డిస్కులోని విషయాన్ని కొంత తన జ్ఞాపకంలో పెట్టుకొని దానినే నమ్ముతుంది. ఒక గ్రామానికి ఇద్దరు కరణాలు ఉండి, ఇద్దరూ భూముల లెక్కకు చెరొక నకలు తీసుకొని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా మార్పులు చేసి, ఏడాది చివర ఇద్దరూ అసలు పుస్తకంలో రాస్తే ఏమవుతుందో అదే అవుతుంది. జి.ఎఫ్.ఎస్.లో ప్రతి నోడుకూ వేరుగా ఒక చిట్టా ఉన్నది; తాళం మరొకరికి ఇచ్చే ముందు తన జ్ఞాపకంలోని మార్పులను డిస్కుపై రాసి తీరవలెను. ఒక నోడ్ మధ్యలో కూలిపోతే మరొక నోడ్ దాని చిట్టా తెరచి, సగంలో నిలిచిన పనిని సరిదిద్దుతుంది.

ఆ సరిదిద్దే ముందు ఒక కఠినమైన నియమం పాటించవలెను. కూలిపోయినదనుకొన్న నోడ్ నిజంగా కూలినదా, లేక మూర్ఛపోయి మళ్లీ లేస్తుందా? లేచి తన పాత జ్ఞాపకంతో డిస్కుపై రాస్తే? అందుకని దానికి కరెంటు తీయించివేయడమో, డిస్కు దారి మూయించడమో చేస్తారు. దీనికి కంచె వేయడమని పేరు. లైనక్స్ పనివారు దీనికే స్టోనిత్ అని మరొక ముద్దుపేరు పెట్టినారు. పక్క నోడ్ తలపై తుపాకి పేల్చమని దాని అర్థం. వినడానికి క్రూరంగా ఉన్నా, సందేహంలో ఉన్న ఒక యంత్రాన్ని ఆపడం అందరి గాదెను పోగొట్టుకోవడంకన్న మేలు.

జి.ఎఫ్.ఎస్. కథలో ఒక మలుపు ఉన్నది. దానిని నడిపిన సిస్టినా సంస్థ 2001లో మూలప్రతిని మూసివేసి సొంత సొత్తుగా చేసుకొన్నది. కొందరు కార్యకర్తలు అప్పటి తెరచిన ప్రతినే పట్టుకొని వేరుగా పనిచేసినారు. 2003 చివర రెడ్ హ్యాట్ సంస్థ సిస్టినాను కొనడానికి ఒప్పందం చేసుకొని, 2004లో మూలప్రతిని తిరిగి లోకానికి తెరచినది. 2006లో ఒరాకిల్ సంస్థవారి ఓ.సి.ఎఫ్.ఎస్.2, ఆ తరువాత జి.ఎఫ్.ఎస్.2, లైనక్స్ మూలంలోనే చేరినవి. వీటితో వచ్చిన తాళపు ఏర్పాట్లు వాక్స్ క్లస్టర్ నాటి ఆ తాళాల పద్ధతినే అనుసరించినవి. సంస్థలు మారినవి, యంత్రాలు మారినవి. తాళం మాత్రం పాతదే.

ఇక నడుస్తుండగా నిల్వను మార్చే పని. 1998లో జర్మనీకి చెందిన హైన్జ్ మావెల్స్‌హాగెన్ లైనక్సుకు వాల్యూం నిర్వాహకాన్ని రాసినాడు. అది డిస్కుకూ ఫైలు వ్యవస్థకూ నడుమ ఒక పటాన్ని నిలుపుతుంది. ఫైలు వ్యవస్థకు కనిపించేది పటం మాత్రమే. ఏ భాగం ఏ డిస్కుపై ఉన్నదో పటానికి తెలుసును. పాత డిస్కునుండి క్రొత్తదానికి తరలించేటప్పుడు ఒక్కొక్క భాగానికి తాత్కాలికంగా జంట ఏర్పరచి, నకలు పూర్తికాగానే పటంలో ఆ భాగపు చిరునామా మార్చి, పాతదాన్ని వదులుతుంది. నడుమ కరెంటు పోయినా ఎక్కడ ఆగినదో అక్కడినుండి సాగించవచ్చును. టాండెంవారి జంట సూత్రమే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

ఒక్క యంత్రానికి ఇది చాలును. గుంపులో అయితే పటం ఒక్కొక్క నోడ్ జ్ఞాపకంలోనూ ఒక్కొక్కటి ఉంటుంది. ఒక నోడ్ పటం మార్చి, మరొకటి పాత పటాన్నే నమ్మితే, రెండోది రాసినదంతా ఎవరూ చూడని చోటికి పోతుంది. అందువల్ల తరలింపు సాగుతున్నంతసేపు ఆ వాల్యూంను ఒక్క నోడుకే ప్రత్యేకంగా అప్పగించవలెను. లేదా జంట ఏర్పడిన సంగతి ప్రతి నోడుకూ ఒకేసారి తెలిసేటట్లు చూడవలెను. ఇంకొక ప్రమాదం పేరు విషయంలో ఉన్నది. ప్రతి వాల్యూంపై దానికే ప్రత్యేకమైన ఒక పొడవైన గుర్తింపు సంఖ్య రాసి ఉంటుంది. డిస్కును ఉన్నదున్నట్లు నకలు తీస్తే ఆ సంఖ్య కూడా నకలు అవుతుంది. అప్పుడు పాతదానికీ క్రొత్తదానికీ ఒకే పేరు. ఒకే వీధిలో రెండిండ్లకు ఒకే నంబరు వేసినట్లు! ఉత్తరం ఎవరింటికి పోయినదో తపాలాబంట్రోతు తప్పు కాదు.

తరువాత వచ్చినవారు అసలు ఒకే గాదెను నమ్ముకోవడం మానివేసినారు. వియన్నాలో ఫిలిప్ రైస్నర్ 2000 ప్రాంతాన రూపొందించిన డి.ఆర్.బి.డి. అనే పద్ధతిలో రెండు యంత్రాలకు చెరొక డిస్కు. ఒకదానిపై రాసినది తీగవెంట రెండోదానికి పోతుంది. 2003లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన పద్ధతిలో ప్రతి ఫైలునూ 64 మెగాబైట్ల ముక్కలుగా చేసి, ఒక్కొక్క ముక్కకు మామూలుగా మూడు ప్రతులను వేరు వేరు లైనక్స్ యంత్రాలపై ఉంచుతారు. వేలాది యంత్రాలున్న చోట ఏదో ఒకటి చెడి ఉండడమే సహజస్థితి అని వారు మొదటనే ఒప్పుకొన్నారు. 2006లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో పరిశోధకుడైన సేజ్ వైల్ సెఫ్ అనే వ్యవస్థను వివరించినాడు. అందులో డిస్కు చెడినా, క్రొత్తది చేరినా నకళ్లు తమంతట తాము సర్దుకొంటాయి. ఎవరు గుంపులో ఉన్నారో చెప్పే పటాన్ని మాత్రం కొన్ని కాపరి యంత్రాలు పాక్సోస్ పద్ధతిన ఓటు వేసి కాపాడుతాయి. భారతీయుడైన ఆనంద్ బాబు పెరియసామి ప్రారంభించిన గ్లస్టర్‌లో ఒక్కొక్క యంత్రపు నిల్వను ఇటుక అంటారు. దానిని 2011లో రెడ్ హ్యాట్ కొన్నది. పాత ఇటుక తీసి క్రొత్తది పెట్టమని ఆజ్ఞ ఇస్తే, జంట ఇటుకనుండి సరకు క్రమంగా అందులో నిండుతుంది.

ఇక్కడ కూడా తొందరపాటుకు శిక్ష ఉన్నది. ఒక ఇటుక పూర్తిగా నిండకముందే దాని జంటను ఊడదీస్తే, తిరిగి తెచ్చుకోవడానికి మూలం లేదు. యంత్రం ఆజ్ఞను శిరసావహిస్తుంది. పోయినదాన్ని తెచ్చి ఇవ్వదు.

ఇన్ని ఉపాయాలు విన్న తరువాత, ఉమ్మడి వాల్యూంను మార్చేటప్పుడు నడవవలసిన వరుసను మనమే చెప్పగలము. క్రొత్త నిల్వ ప్రతి నోడుకూ కనిపిస్తున్నదా అని మొదట చూడవలెను. తరువాత సరకు నకలు తీయవలెను. నకలు ముగిసే సమయానికి అందరి చేతా రాయడం మాన్పించి, ఆ నడుమ మారిన కొద్దిపాటిని కూడా దింపవలెను. పిదప నోడ్లన్నిటి చేతా పాత వాల్యూంను విడిపించవలెను. ఆగి ఉన్నవాటిని, మూల గదిలో ఉన్నవాటిని కూడా మరువరాదు. విడిచినట్లు ప్రతి నోడ్ నోటా విన్న తరువాతనే క్రొత్తదాన్ని తగిలించవలెను. ఒక నోడులో ఒక చిన్న ఫైలు రాసి, మిగిలిన ప్రతి నోడులోనూ అది కనిపించినదా అని చూడవలెను. పాత నిల్వను మాత్రం రాయడానికి వీలులేకుండా చేసి, కొంతకాలం కదలకుండా ఉంచవలెను.

మా నిలయంలో తప్పినది ఇందులో ఒక్క మెట్టు. ఆదివారం రాత్రి రెండు యంత్రాల చేత పాత నిల్వను విడిపించినారు. రికార్డింగు గదిలోని మూడోదానిలో ఏదో కూర్పు పని నడుస్తున్నదని, ఉదయం చూసుకోవచ్చునని వదిలివేసినారు. ఉదయం మరచినారు. నకలు ఉన్నదున్నట్లు తీసినందున పేరు కూడా ఒకటే. తేడా ఎవరికీ కనిపించలేదు. సోమవారమంతా ఆ యంత్రం పాత గాదెలోనే పోసినది. మంగళవారం మేము దానిని ఆపి పెట్టించగానే అది కూడా క్రొత్త గాదెకు వచ్చినది. బుర్రకథ పాత గాదెలో మిగిలిపోయినది.

మధ్యాహ్నం తుక్కు మనుషులు బండితో వచ్చినారు. మా ఇంజనీర్లలో అందరికన్న చిన్నవాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కానివాడు, పాత పెట్టె ముందు నిలబడి ఇవ్వనన్నాడు. పెట్టెపై ఆదివారం రాత్రే ఒక కాగితం అంటించి ఉన్నాడు: "మూడు యంత్రాలూ ఒప్పుకొనేవరకు చెరపరాదు." పెద్దవారు కొందరు విసుగుకొన్నారు. "రెండే ఒప్పుకొన్నవి సార్, మూడోదానిని ఎవరూ అడగలేదు" అని అతడు బదులు చెప్పినాడు. పాత పెట్టెను చదవడానికి మాత్రమే వీలుగా కలిపి చూస్తే, గంటన్నర ముచ్చటా, రెండు ఘట్టాలూ చెక్కుచెదరకుండా ఉన్నవి. ఆ శుక్రవారం రాత్రి వాటిని ప్రసారం చేసినాము.

ఆ వృద్ధుడు మళ్లీ మా నిలయానికి రాలేదు. వచ్చే ఓపిక ఆయనకు లేదని మనుమడు రాసినాడు. ఆ కార్యక్రమాన్ని మీలో కొందరు విని ఉంటారు. ఆయన తంబుర శ్రుతి చేసుకొంటూ, "అందరూ వచ్చినారా? మొదలుపెట్టమంటారా?" అని వంతలను అడగడం అందులో వినిపిస్తుంది. కూర్పు గదిలో దానిని తీసివేయబోతే, ఉంచమని మేమే చెప్పినాము.